కొండమీద మహలు - కొండకింద మేం

ముస్లిం అనగానే తెలుగు సమాజానికి రెండు బొమ్మలే గుర్తుకొస్తాయి. ఒకటి నవాబు. రెండోది రజాకారు. నవాబు బొమ్మను హోటళ్ళు అమ్ముకుంటాయి. రజాకారు బొమ్మను రాజకీయాలు అమ్ముకుంటాయి. ఈ రెంటి మధ్యన పంక్చర్లు అతికేవాడు, లాడ్‌బజార్ కోసం ఇంట్లో కూచుని గాజులకు రాళ్ళు అద్దే ఆడమనిషి, దూదేకేవాడు, ఆటో తోలేవాడు, భట్టీ దగ్గర చెమటలు కక్కుతూ దేగ్‌కు దమ్ము పెట్టేవాడు ఎవరూ కనిపించరు. రజాకారు బొమ్మ మీద మా వాళ్ళు చాలామంది మాట్లాడారు, మాట్లాడుతున్నారు. నవాబు బొమ్మ మీద మాత్రం ఎవరూ నోరు విప్పరు. ఎందుకంటే ఆ బొమ్మను చూసి మా వాళ్ళే మురిసిపోతున్నారు. అందుకని ఆ బొమ్మను అద్దాల్లో పెట్టి చూపిస్తున్న హైదరాబాదు మహళ్ళ గురించి, హోటళ్ళయిన ఆ మహళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు.

ఇంజన్‌బౌలి దగ్గర నిలబడి తలెత్తి చూస్తే కొండమీద ఫలక్‌నుమా కనిపిస్తుంది. 1884లో దానికి పునాది వేసింది పైగా నవాబు వికారుల్ ఉమ్రా. తరవాత ఆయన హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రి కూడా అయ్యాడు. కట్టడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. ఇటలీ పాలరాయి వచ్చింది. భోజనాల గదిలో 101 మంది ఒకేసారి కూచునే బల్ల వచ్చింది. కట్టేసరికి నవాబు అప్పుల్లో మునిగాడంటారు. చివరికి మహలు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. దొరలకీ రాజులకీ విడిదిల్లయింది. నిజాముల రాజ్యం పోయాక చాలా ఏళ్ళు తలుపులు మూసుకుని పడివుంది. తాజ్ హోటళ్ళవాళ్ళు లీజుకు తీసుకుని, పదేళ్ళపాటు మరమ్మతులు చేసి, 2010 నవంబరులో 60 గదుల హోటలుగా తెరిచారు. ఇప్పుడక్కడికి వచ్చే అతిథిని గుర్రపు బగ్గీలో మెట్లదాకా తీసుకెళ్తారు. మెట్లెక్కుతుంటే మీద గులాబీ రేకులు చల్లుతారు. షేర్వానీ తొడిగించిన మనుషులు వంగి ఆదాబ్ చేస్తారు. డబ్బున్న ఎవడైనా సరే ఒక రాత్రికి నవాబు కావచ్చు. కొండకింద ఉండేవాడికి మాత్రం ముందుగా బుక్ చేసుకోనిదే గేటు లోపలికి అడుగు పడదు.

హోటలు పెట్టినవాడు వ్యాపారం చేస్తాడు. అది వాడి పని. మహలు కూలిపోకుండా నిలబెట్టారు, అదీ ఒప్పుకుందాం. నా పేచీ ఆ హోటల్లో చెప్పే కథతో. 'ఇది హైదరాబాదీ ముస్లింల వైభవం, ఇది మీ సంస్కృతి' అని మాకు చెప్పే కథతో. ఆ కథను నమ్మి మీసం మెలేసే మా పెద్దలతో.

ఆ పాలరాయికి డబ్బు ఎక్కడిది? పైగాలు నిజాం తరవాత నిజామంతటివాళ్ళు. తెలంగాణలోనూ, మరాఠ్వాడాలోనూ, కర్ణాటక జిల్లాల్లోనూ వాళ్ళకు జాగీర్లుండేవి. ఆ జాగీర్లలో దున్నినవాడెవడు? మాదిగ, మాల, గొల్ల, కురుమ, కాపు. వాళ్ళ పక్కనే దూదేకులవాడు, పేద తురకవాడు. 'మనిద్దరం ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేస్తాం గదా సర్కార్' అంటే శిస్తు వసూలుకొచ్చినవాడు వదిలేసేవాడా? వదలడు. జాగీర్దారీకి మతం అడ్డం రాలేదు. దొరతనానికీ రాలేదు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గడీకి ఎదురుతిరిగి భూమి కోసం కోర్టుల్లో పోరాడి నరికివేతకు గురైన షేక్ బందగీ ఎవరు? ముస్లిం రైతు. రజాకార్లకు వ్యతిరేకంగా కలం పట్టినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఎవరు? ముస్లిం పత్రికారచయిత. నిజాం జైలుకూ అజ్ఞాతవాసానికీ వెనుదీయని మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు? మా కవి. మా వంశవృక్షం గీయాలంటే ఈ పేర్లతో గీయండి. 101 కుర్చీల బల్లతో కాదు.

వైభవంలో మాకు వాటా లేదు సరే, నిందలోనైనా వాటా లేకుండా పోయిందా? అది మొత్తం మాకే రాసిచ్చారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఏడో నిజాం రాజప్రముఖుడయ్యాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, జాగీర్దార్లకు పరిహారం దొరికింది. ఊళ్ళలో దొరికింది మాత్రం దాడులు, దోపిడీ, శవాలతో నిండిన బావులు. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీయే 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు దాచిపెట్టారు. 2013 దాకా అది సామాన్యుడి కంటబడలేదు. అందులో చచ్చినవాళ్ళు ఫలక్‌నుమాలో భోంచేసినవాళ్ళు కాదు. బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్ జిల్లాల్లో ఊరి చివర బతికిన మామూలు మనుషులు. మహలు ఉన్నవాడికి పరిహారం, మహలును దూరం నించి చూసినవాడికి శిక్ష. ఇదీ మా వారసత్వం లెక్క.

ఆ లెక్క ఇప్పటికీ మారలేదు. ప్రతి సెప్టెంబరు 17కీ మైకుల్లో నిజామును తిడతారు. ఆ తిట్లు వింటూ తల దించుకుని నడవాల్సింది టైలర్ కొట్టు నడిపే మస్తానూ, స్కూల్లో పక్క పిల్లలు వింతగా చూసే సల్మా. అదే నిజాము పేరు హోటలు మెనూ కార్డు మీద అచ్చయితే దాన్ని తెహజీబ్ అంటారు. 'నిజామీ దావత్' అంటే నోరూరుతుంది. నిజాం వంటవాడి మునిమనవడు ఇల్లు అద్దెకు అడిగితే 'మీవాళ్ళకు ఇవ్వం' అంటారు. 2020 డిసెంబరు బల్దియా ఎన్నికలప్పుడు యోగీ ఆదిత్యనాథ్ వచ్చి హైదరాబాదును భాగ్యనగరం చేస్తామన్నాడు. ఊరి పేరు మార్చాలన్నవాళ్ళెవరూ బిర్యానీ పేరు మార్చమనలేదు. ఊరి పేరులోని ముస్లింతనం అరగదు. పళ్ళెంలోని ముస్లింతనం మాత్రం బాగా అరుగుతుంది.

ఒక్క రోజు సంగతి చెప్తాను. 2017 నవంబరు 28. ఆ రోజు ప్రధానమంత్రి మోదీ హైదరాబాదుకు వచ్చాడు. మియాపూర్‌లో మెట్రో రైలు ప్రారంభించాడు. ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో మాట్లాడాడు. రాత్రికి అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్‌కు విందు ఇచ్చాడు. ఎక్కడ? ఫలక్‌నుమాలో, ఆ 101 కుర్చీల బల్ల దగ్గర. ఎవరి చరిత్రను తుడిచెయ్యాలంటున్నారో వాళ్ళ బల్లమీదే దేశం పరువు వడ్డించారు. మంచిదే. ఐతే ఆ విందుకు ముందు ఏం జరిగింది? అదే నెలలో నగరంలో బిచ్చమెత్తడాన్ని పోలీసు కమిషనర్ రెండు నెలలపాటు నిషేధించాడు. రోడ్లమీది బిచ్చగాళ్ళను ఎత్తుకెళ్ళి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ఆశ్రయాల్లో పెట్టారు. దర్గా మెట్లమీద చెయ్యి చాచే ఫకీరుకూ, గుడి మెట్లమీద చెయ్యి చాచే ముసలమ్మకూ అక్కడ భేదం లేదు. అతిథి కంట పడకూడదు, అంతే. నవాబీ మర్యాద అంటే ఇదే గదా! అతిథికి గులాబీ రేకులు, ఫకీరుకు జైలు ఆవరణ.

ఇక ఆ రోజు ప్రారంభమైన మెట్రో సంగతి. మొదటి ప్లానులో రెండో మార్గం జూబ్లీ బస్ స్టేషన్ నించి ఫలక్‌నుమా దాకా. కాగితం మీద ఫలక్‌నుమా ఉంది. 2020 ఫిబ్రవరిలో ఆ మార్గం తెరిచినప్పుడు రైలు ఇమ్లీబన్ బస్టాండు దగ్గరే ఆగిపోయింది. మూసీ దాటలేదు. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు, అంటే దారుల్‌షిఫా, చార్మినార్, శాలిబండ, ఫలక్‌నుమా, ఏళ్ళ తరబడి అలాగే వదిలేశారు. ఆ ముక్కకు మళ్ళీ శంకుస్థాపన చెయ్యడానికి 2024 మార్చి రావాల్సి వచ్చింది. ప్రధానమంత్రి కారు ఒక్క సాయంత్రంలో ఎక్కిన కొండకు పాతబస్తీ జనం రైల్లో చేరడానికి ఎన్ని ఏళ్ళు కావాలో చూడండి. మసీదులున్నాయి, ఆషూర్‌ఖానాలున్నాయి, గుళ్ళున్నాయి, ఆస్తులు పోతాయి అన్నారు. ఊళ్ళో మిగతా చోట్ల అవేవీ లేవా? మా రాజకీయ నాయకులు కూడా ఇందులో దోషులే. ఎన్నికల్లో పాతబస్తీని కోట అంటారు. కోట అన్నారు గనకే గోడ కట్టారు కాబోలు.

ఉస్మానియా ఆస్పత్రి కూడా నిజాం కట్టించిందే. అఫ్జల్‌గంజ్‌లో, మూసీ ఒడ్డున. అది హోటలు కాలేదు గనక దానికి పట్టింపు లేదు. 2020 జులైలో వానకు వార్డుల్లోకి నీళ్ళొచ్చి రోగులు మంచాల మీద మునిగినంత పనైంది. ఆ పాత భవనానికి తాళం పడింది. మహలు బాగుచెయ్యడానికి పెట్టుబడి దొరికింది, ఆస్పత్రి బాగుచెయ్యడానికి సర్కారుకు మనసు దొరకలేదు. అందరికీ పనికొచ్చే నిజాం కట్టడం కూలిపోవచ్చు. కొందరికి పనికొచ్చే నిజాం కట్టడం మెరవాలి. వారసత్వ సంపద అంటున్నారే, దాని అర్థం ఇదేనా?

రిట్జ్ హోటలు కథ ఇంకో రకం. ఆదర్శ్‌నగర్ వైపు హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌ను 1915లో సర్ నిజామత్ జంగ్ కట్టుకున్నాడు. చదువుకున్న కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీ పోలికలో కట్టించుకున్నాడంటారు. తరవాత అది నిజాం రెండో కొడుకు మొఅజ్జం జాకు విడిదయ్యింది. ఆయన కవి, రాత్రంతా ముషాయిరాలు నడిపేవాడు. 1955లో రిట్జ్ హోటలయ్యింది. కొత్తగా రాజ్యమేలుతున్నవాళ్ళు, సినిమావాళ్ళు, వ్యాపారులు పాత దొరల కుర్చీల్లో కూచుని కాఫీ తాగారు. 1990లు దాటేసరికి హోటలు మూతపడింది. భవనం ప్రభుత్వం చేతిలో ఉండి కూడా పిచ్చిమొక్కలు మొలిచి పైకప్పులు కూలే స్థితికి వచ్చింది. దాన్ని కాపాడమని ప్రేమికులు హైకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. అంటే మహలు ముందు రెండే దార్లు. లాభమొస్తే లగ్జరీ హోటలు, రాకపోతే శిథిలం. జనానిది కావడం అనే మూడో దారి ఎవరి ఊహలోనూ లేదు.

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. గంగా జమునా తెహజీబ్ గురించి మీరు చాలా ప్రేమగా రాస్తారు. మీ ప్రేమను శంకించను. కానీ మీ వ్యాసాల్లో ఎప్పుడూ అత్తరు వాసనే వస్తుంది, గరీబు వాసన రాదు. షేర్వానీ, షాయరీ, షీర్‌ఖుర్మా ఇవే ముస్లిం సంస్కృతి అని మీరంటే, నల్గొండ పల్లెలో పీర్ల పండగకు డప్పు కొట్టే మాదిగనూ, పీరు ఎత్తుకునే తురకనూ ఎక్కడ పెడతారు? తెలుగు తప్ప ఉర్దూ రాని దూదేకులవాడిని ఎక్కడ పెడతారు? ముస్లింను నవాబు చెయ్యకుండా మీకు ప్రేమించడం రాదా? 2006లో సచార్ కమిటీ చెప్పినా, 2016లో తెలంగాణ సుధీర్ కమిషన్ చెప్పినా ముస్లింల బతుకు గురించి ఒకటే చెప్పాయి. చిన్నచిన్న పనులు, చాలని కూలి, మధ్యలో ఆగిన చదువులు. ఆ నివేదికలు చదివి మా సంస్కృతి ఏమిటో రాయండి.

మా పెద్దలకు ఇంకొక మాట. 2023 జనవరిలో ముకర్రం జా ఇస్తాంబుల్‌లో చనిపోతే ఆయన్ను తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. ప్రభుత్వం లాంఛనాలు జరిపింది. పాతబస్తీ జనం బారులు తీరారు. చనిపోయినవాడికి ఫాతిహా చదవడం ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ నాలుగు రోజులు 'మన హుకూమత్', 'మన జమానా' అని కన్నీళ్ళు పెట్టుకున్నారే, ఆ జమానాలో మీ తాత ఏం పని చేసేవాడు? బగ్గీలో కూచున్నాడా, బగ్గీ తుడిచాడా? ఈ ప్రశ్న ఎవరి ఇంట్లో వాళ్ళు అడగండి. ఓడిపోయిన జాతికి పాత వైభవం మత్తుమందులాంటిది. ఆ మత్తులో ఉన్నంతకాలం ఈరోజు రేషన్ కార్డు కోసం, నల్లా నీళ్ళ కోసం, ఉర్దూ మీడియం బడికి పంతులు కోసం అడగడం నామోషీ అనిపిస్తుంది. నవాబులం గదా, ఎలా అడుగుతాం!

మరి మా వారసత్వం లేదా? ఉంది. కొండమీద వెతికితే దొరకదు, దారి పక్కన వెతకాలి. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఉంది. గోల్కొండకు వచ్చేపోయే బాటసారులు దిగడానికి కట్టిన రెండంతస్తుల సత్రం అది. మనుషులకు గదులు, గుర్రాలకు చోటు. మచిలీపట్నం దారిలో హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం మసీదు చుట్టూ వరసగా కట్టిన గదులున్నాయి, పక్కన హాథీ బౌలి ఉంది. ఆ గదులన్నీ ప్రయాణికుల కోసమే. నాంపల్లి స్టేషన్ ఎదుట రైలు దిగిన పేదవాడి కోసం నిజాం కాలంలో కట్టిన సరాయి ఉంది. ముసాఫిర్‌ను ఆదుకోవడం మా దీన్‌లో దయ కాదు, హక్కు. జకాత్‌లో వాటా ఉన్న ఎనిమిది రకాల వాళ్ళలో బాటసారి ఒకడు. హైదరాబాదు అసలు గొప్ప హోటళ్ళు ఈ సరాయిలు. వీటికి బగ్గీలు లేవు గనక ఏ కంపెనీ లీజుకు అడగలేదు. ఏళ్ళ తరబడి గోడలు రాలుతూ నిలబడ్డాయి.

ఇరానీ హోటలు కూడా మాదే. ఇరాన్ నించి బతకడానికి వచ్చినవాళ్ళు తెచ్చిన చాయ్ అది. అబిడ్స్‌లో వాళ్ళు 1935లో పెట్టిన హోటలు పేరే గ్రాండ్ హోటల్. గ్రాండ్ అంటే అక్కడ పాలరాతి మెట్లు లేవు. చేతిలో చిల్లర ఉన్నవాడు ఎవడైనా వచ్చి కూచోవచ్చు, అదే గ్రాండ్. ఓరియెంట్ హోటల్లో మఖ్దూం లాంటి కవులూ, కమ్యూనిస్టులూ, పనిలేనివాళ్ళూ ఒక చాయ్ మీద గంటలు గడిపారు. ఆ హోటలు మూతపడింది. దాని కోసం ఏ వారసత్వ కమిటీ కన్నీరు కార్చలేదు. తెలుగు పల్లెల్లో దళితుడికి వేరే గ్లాసు పెట్టిన టీ కొట్లు ఎన్ని! బ్రాహ్మణ భోజన హోటళ్ళ బోర్డులు ఎన్ని! ఇరానీ హోటల్లో ఒకడు తాగిన కప్పులోనే కడిగి ఇంకొకడికి పోశారు. కులం అడగలేదు. దాన్ని మించిన తెహజీబ్ ఏ మహల్లో ఉందో చూపించండి. లోపాలు లేవనను. ఆడవాళ్ళను 'ఫ్యామిలీ' అని రాసిన పరదా వెనక్కి నెట్టారు, బడికెళ్ళాల్సిన పిల్లల చేత బల్లలు తుడిపించారు. మాది అనుకున్నాం గనకే ఆ లోపాలు దిద్దుకునే బాధ్యతా మాదే.

అడగాల్సింది తేల్చి అడుగుదాం. షేక్‌పేట, హయత్‌నగర్, నాంపల్లి సరాయిలను బాగుచెయ్యండి. మ్యూజియం చెయ్యొద్దు, సత్రాలే చెయ్యండి. ఉస్మానియా ఆస్పత్రికీ, నీలోఫర్‌కూ జిల్లాల నించి రోగుల్ని తెచ్చి ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళకు రాత్రికి గది ఇవ్వండి. హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ జనం సొమ్ముతో బాగుపడితే దాన్ని ఇంకో హోటలు కంపెనీకి అప్పజెప్పొద్దు. అందులో గ్రంథాలయం పెట్టండి, అన్ని కులాల, అన్ని మతాల ఆడపిల్లలకు హాస్టలు పెట్టండి. ఫలక్‌నుమాలో అతిథికి గది గదీ తిప్పి కథ చెప్పేటప్పుడు జాగీరు రైతు కథ కూడా చెప్పండి, 1948 కూడా చెప్పండి. కిటికీలోంచి కింద కనిపించే ఇంజన్‌బౌలి, వట్టేపల్లి, జహానుమా బస్తీల పేర్లు కూడా చెప్పండి. మెట్రో పని ఇంకొక ఎన్నికల దాకా నానబెట్టకండి.

ఇక మమ్మల్ని నవాబులని పొగడొద్దు, రజాకార్లని తిట్టొద్దు. ఆ రెండు పేర్లూ మాకు మహలు నించి వచ్చినవే. మహలు మాది కాదు. దాని రాళ్ళు మోసినవాళ్ళం, దేగ్ మండించినవాళ్ళం, దాని నీడకు అద్దె కట్టినట్టు డెబ్బై ఏళ్ళకు పైగా నిందలు కట్టినవాళ్ళం. బాకీ తీరిపోయింది. ఇక కొండ దిగి మాట్లాడండి.